నాయకత్వ పాఠం చెప్పే అధ్యాపకులకు: జనరల్ మోటార్స్ కథను విమానం దగ్గర ఆపకండి

గౌరవనీయులైన మేనేజ్‌మెంట్ కళాశాలల అధ్యాపకులకు,

నమస్కారం. నేను 2009 వరకు అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్ శివారు ఊళ్లలో ఒకదానిలో, కార్ల విడిభాగాలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో క్వాలిటీ ఇంజనీరుగా పనిచేశాను. ప్రస్తుతం హైదరాబాదులో ఉంటున్నాను. ఎంబీఏ చదువుతున్న మా అక్క కొడుకు ఈ మధ్య పరీక్షలకు చదువుకుంటూ, 'మామయ్యా, ఇది నువ్వున్న ఊరి కథే కదా' అని తన నోట్సు నా చేతికిచ్చాడు. జనరల్ మోటార్స్ సీఈఓ రిక్ వాగనర్ 2008లో ప్రభుత్వాన్ని అప్పు అడగడానికి సొంత కంపెనీ జెట్ విమానంలో వాషింగ్టన్ వెళ్లాడనీ, దేశమంతా నవ్వుకుందనీ, కొద్ది నెలల్లోనే ఆయన పదవి పోయిందనీ అందులో ఉంది. దాని కింద, సంక్షోభ సమయంలో జనం మనసు తెలుసుకోలేని నాయకుడు నిలవలేడు అని ఒక వాక్యం రాసి, అడ్డగీత కొట్టి ఉంది. పాఠం అక్కడితో సరి.

మీలో ఎందరు ఈ పాఠాన్ని ఇలాగే చెబుతున్నారో నాకు తెలియదు. ఒక్కరు చెప్పినా, ఆ ఒక్క తరగతిలోని పిల్లలు రేపు కంపెనీల్లో మేనేజర్లవుతారు, కొందరు బోర్డుల్లో కూర్చుంటారు కనుక, ఈ ఉత్తరం మీ అందరికీ రాస్తున్నాను. విమానం సంగతి అబద్ధం కాదు. 2008 నవంబరు 18, 19 తేదీల్లో వాగనర్, ఫోర్డ్ సీఈఓ అలన్ ములాలీ, క్రైస్లర్ సీఈఓ రాబర్ట్ నార్డెల్లి ముగ్గురూ వేర్వేరు కంపెనీ విమానాల్లో వెళ్లి, అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ కమిటీల ముందు కూర్చున్నారు. డిసెంబరులో మళ్లీ పిలుపు వచ్చినప్పుడు వాగనర్ షెవర్లే మాలిబు హైబ్రిడ్ కారులో డెట్రాయిట్ నుంచి రోడ్డు మీద బయలుదేరారు. అయితే అదే నవంబరులో అలాగే విమానంలో వెళ్లిన ములాలీ ఆ తర్వాత ఐదేళ్లకు పైగా ఫోర్డ్ సీఈఓగా కొనసాగి, 2014లో గౌరవంగా రిటైరయ్యారు. ఒకే తప్పు చేసిన ఇద్దరిలో ఒకరి పదవి పోయి, మరొకరిది నిలిచినప్పుడు, పదవి పోవడానికి కారణం ఆ తప్పే అని విద్యార్థికి ఎలా చెప్పగలం?

వాగనర్ 1977లో జనరల్ మోటార్స్ న్యూయార్క్ ట్రెజరర్ కార్యాలయంలో చేరారు. బ్రెజిల్‌లో కంపెనీకి అధిపతిగా పనిచేసి, 1992లో ప్రధాన ఆర్థికాధికారి అయ్యారు. 2000 జూన్‌లో సీఈఓ, 2003లో ఛైర్మన్ అయ్యారు. ఆయన పగ్గాలు చేపట్టినప్పుడు అరవై డాలర్ల పైన ఉన్న షేరు, దిగిపోయే నాటికి నాలుగు డాలర్ల లోపుకు వచ్చింది. ఒక్క 2007లోనే కంపెనీ నష్టం 3,870 కోట్ల డాలర్లు. అందులో అత్యధిక భాగం, రాబోయే లాభాల మీద వాడుకోవాలనుకున్న పన్ను రాయితీల పద్దును రద్దు చేయడం వల్ల వచ్చిన కాగితపు నష్టమే అయినా, భవిష్యత్తులో లాభాలు వస్తాయన్న నమ్మకం కంపెనీ లెక్కల విభాగానికే పోయిందని ఆ పద్దు రద్దు చెబుతోంది. 2008లో మరో 3,090 కోట్ల డాలర్లు పోయాయి. 2005 నుంచి లెక్కపెడితే నాలుగేళ్లలో 8,000 కోట్ల డాలర్లకు పైగా నష్టం. ఈ నాలుగేళ్లలో ఒక్కసారైనా డైరెక్టర్ల బోర్డు ఆయనను పదవి వదలమని అడగలేదు. 2008 చివరలో కంపెనీ దగ్గర జీతాలకు డబ్బు ఎన్ని వారాలు సరిపోతుందో లెక్కపెట్టుకుంటున్న రోజుల్లో కూడా, బోర్డు తరఫున ప్రధాన స్వతంత్ర డైరెక్టరు తమ మద్దతు వాగనర్‌కే అని బహిరంగంగా ప్రకటించారు.

మీరు పిల్లలకు చెప్పవలసిన పాఠం ఇక్కడ ఉందని నా నమ్మకం. బోర్డులో ప్రశ్న అడిగిన మనిషి ఒకరు ఉన్నారు. కంపెనీలో దాదాపు పదో వంతు షేర్లు కొన్న కిర్క్ కెర్కోరియన్ తరఫున, క్రైస్లర్‌లోనూ ఐబీఎంలోనూ ఆర్థిక వ్యవహారాలు నడిపిన జెర్రీ యార్క్ 2006 ఫిబ్రవరిలో డైరెక్టరుగా చేరారు. చేరకముందే, ఆ జనవరిలో, డెట్రాయిట్‌లోనే నిలబడి, డివిడెండు తగ్గించండి, సాబ్, హమ్మర్ కార్ల బ్రాండ్లను వదిలించుకోండి, ఇది అత్యవసర పరిస్థితి అని మాట్లాడారు. ఎనిమిది నెలలకే రాజీనామా చేస్తూ, యాజమాన్యం ముందు పెట్టిన కాగితాలను దాటి లోతుగా ప్రశ్నించడాన్ని ఆహ్వానించే వాతావరణం ఆ బోర్డు గదిలో కనిపించలేదని రాతపూర్వకంగా చెప్పి వెళ్లిపోయారు. ఆ గదిలో చదువూ అనుభవమూ ఉన్నవారికి కొదవ లేదు. వారిలో పెద్ద పెద్ద కంపెనీలను నడిపినవారు ఉన్నారు. అంతమంది పెద్దలు ఉండి కూడా, వెళ్లిపోయిన మనిషి రాసిన ఆ ఒక్క వాక్యానికి జవాబు చెప్పకుండా మరో రెండున్నరేళ్లు గడిపారు. వాగనర్ నిష్క్రమణ గురించి పాఠం చెప్పేటప్పుడు, దానికంటే ముందు జరిగిన యార్క్ నిష్క్రమణ గురించి చెప్పాలని నా మొదటి విన్నపం.

అదే 2006లో, పక్క ఊరు డియర్‌బోర్న్‌లో, మరో రకం నిష్క్రమణ జరిగింది. ఫోర్డ్ కంపెనీ స్థాపకుడి మునిమనవడు బిల్ ఫోర్డ్ తానే సీఈఓగా ఉండి, తన వల్ల ఈ పని కావడం లేదని గ్రహించి, బోయింగ్‌లో విమానాలు తయారుచేయించిన ములాలీని పిలిచి సెప్టెంబరులో పగ్గాలు అప్పగించారు. తాను ఛైర్మన్‌గా ఉండిపోయారు. ఇంటి పేరే కంపెనీ పేరైన మనిషి, దివాలా గడప ఇంకా కనబడకముందే, కార్ల పరిశ్రమతో సంబంధం లేని బయటివాడికి తన కుర్చీ ఇచ్చారంటే అది చిన్న సంగతి కాదు. ఆ సంవత్సరాంతంలో ఫోర్డ్ తన ఫ్యాక్టరీలనూ, చివరికి తన నీలి రంగు ముద్రనూ తాకట్టు పెట్టి 2,360 కోట్ల డాలర్ల అప్పు తెచ్చుకుంది. బ్యాంకులు ఇంకా అప్పులిస్తున్న రోజుల్లో తెచ్చుకున్న ఆ డబ్బే రెండేళ్ల తర్వాత ఆ కంపెనీని దివాలా కోర్టు మెట్లెక్కకుండా కాపాడింది. ఫోర్డ్‌కు ప్రభుత్వ సాయం బొత్తిగా అందలేదని మాత్రం చెప్పకండి. 2009లో ఇంధన శాఖ నుంచి 590 కోట్ల డాలర్ల రుణం దానికి మంజూరైంది. కానీ అది ప్రాణం నిలుపుకోవడానికి తెచ్చుకున్న డబ్బు కాదు.

ములాలీ ప్రతి గురువారం తన కింది అధికారులందరినీ కూర్చోబెట్టి, ఎవరి పని ఎలా సాగుతోందో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో చూపమనేవారు. కంపెనీ ఆ ఏడాది వందల కోట్ల డాలర్లు పోగొట్టుకుంటుంటే, చార్టుల మీద అన్నీ ఆకుపచ్చగానే కనిపించేవట. ఒకరోజు మార్క్ ఫీల్డ్స్ అనే అధికారి, ఎడ్జ్ అనే కొత్త కారు వెనక తలుపులో లోపం ఉందని ఎరుపు రంగు చూపించారు. గది నిశ్శబ్దమైపోయిందనీ, ఆయన ఉద్యోగం పోయిందనే అందరూ అనుకున్నారనీ, ములాలీ మాత్రం చప్పట్లు కొట్టారనీ డెట్రాయిట్‌లో అందరూ చెప్పుకుంటారు. ఆ ఫీల్డ్సే తర్వాత ములాలీ వారసుడయ్యారు. క్వాలిటీ విభాగంలో పనిచేసిన నాకు ఈ సంఘటన విలువ తెలుసు. లోపం ఉందని చెప్పిన వాడిని అనుమానంగా చూడని మేనేజరు దొరకడం ఫ్యాక్టరీలో నిజంగా అరుదు.

వాగనర్‌ను చేతకానివాడిగా చూపించడం నా ఉద్దేశం కాదు. అది అన్యాయం. 2007 సెప్టెంబరులో రెండు రోజుల సమ్మె తర్వాత కార్మిక సంఘం యూఏడబ్ల్యూతో ఆయన కుదుర్చుకున్న ఒప్పందం, రిటైరైన కార్మికుల వైద్య ఖర్చును కంపెనీ పద్దుల నుంచి తీసి వేరే ట్రస్టుకు అప్పగించింది. దశాబ్దాలుగా ఎవరూ తాకడానికి సాహసించని బరువు అది. చైనాలో బ్యూయిక్ కార్లను నిలబెట్టిన వ్యాపారం ఆయన హయాంలోనే పెరిగింది. తన తప్పులు ఒప్పుకునే నిజాయితీ కూడా ఆయనకు ఉండేది. విద్యుత్ కారు ఈవీ1ను ఆపేయడం తన నిర్ణయాల్లోకెల్లా చెడ్డదని పదవిలో ఉండగానే చెప్పారు. ఆయన అసలు లోపం మరోచోట ఉంది. దివాలా చట్టం పేరెత్తితేనే కార్లు కొనేవారు పారిపోతారని నమ్మి, ఆ దారికి గట్టి సన్నాహం లేకుండా ఆఖరి వారాల దాకా లాక్కొచ్చారు. ఆయన నమ్మకం తప్పని తర్వాత తేలింది. 2009 జూన్ 1న న్యూయార్క్ కోర్టులో 8,230 కోట్ల డాలర్ల ఆస్తులూ 17,280 కోట్ల డాలర్ల అప్పులూ చూపించి దివాలా పిటిషన్ వేసిన కంపెనీ, నలభై రోజుల్లోనే, జూలై 10న కొత్త కంపెనీగా బయటికొచ్చింది. కొనేవారు పారిపోలేదు. కంపెనీ ఆ దారికి ముందే గట్టిగా సిద్ధపడనందువల్ల, దాన్ని వేయడానికి ప్రభుత్వం పూనుకోవలసి వచ్చింది.

అంటే, ఆయనను పంపించిన చెయ్యి కూడా బోర్డుది కాదు. బుష్ ప్రభుత్వం 2008 డిసెంబరు 19న ప్రకటించిన 1,740 కోట్ల డాలర్ల అత్యవసర రుణంలో 1,340 కోట్లు జనరల్ మోటార్స్‌కు కేటాయించింది. ఒబామా ప్రభుత్వం ఏర్పాటు చేసిన కార్ల పరిశ్రమ బృందానికి నాయకత్వం వహించిన స్టీవెన్ ర్యాట్నర్, 2009 మార్చి 27 శుక్రవారం నాడు వాగనర్‌ను ట్రెజరీ శాఖ కార్యాలయంలో కలిసి, తప్పుకోవాలని అడిగారు. ప్రభుత్వాధికారులు అడిగారు కనుక తప్పుకుంటున్నానని వాగనర్ తన ప్రకటనలో సూటిగా రాశారు. ముప్పై రెండేళ్లు పనిచేసిన సంస్థను ఆయన గొడవ లేకుండా, ఎవరి మీదా నింద వేయకుండా వదిలారు. ఆ పెద్దరికాన్ని నేను గౌరవిస్తాను. కానీ ఒక ప్రైవేటు కంపెనీ సీఈఓను మార్చవలసిన బాధ్యతను దాని బోర్డు చేతులారా వదిలేస్తే, ఆ పనిని ప్రభుత్వ బృందం చేయవలసి రావడం ఎంత దుస్థితో మీ విద్యార్థులకు అర్థం కావాలి. ఆ తర్వాత వచ్చిన కొత్త బోర్డు ఎలా నడుచుకుందో చూడండి. వాగనర్ స్థానంలో కూర్చున్న ఫ్రిట్జ్ హెండర్సన్ ఎనిమిది నెలలు తిరగగానే, 2009 డిసెంబరు 1న, ఛైర్మన్ ఎడ్ విటేకర్ ఆధ్వర్యంలోని బోర్డు నిర్ణయంతో తప్పుకున్నారు. ఆ నిర్ణయం సరైనదా, తొందరపాటా అని తరగతిలో చర్చ పెట్టవచ్చు. పాత బోర్డు హయాంలో అలాంటి చర్చకు అవకాశమే లేకపోయింది.

ఆ నెలల్లో వెళ్లిపోయినవాళ్లు ఇంకా ఎందరో ఉన్నారు. 2008 డిసెంబరు 23న, క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు, విస్కాన్సిన్‌లోని జేన్స్‌విల్ ఫ్యాక్టరీలోనూ ఒహాయోలోని మొరైన్ ఫ్యాక్టరీలోనూ చివరి కార్లు తయారయ్యాయి. జేన్స్‌విల్‌లో 1920ల నుంచి షెవర్లేలు తయారవుతున్నాయి. తాత, తండ్రి, కొడుకు ఒకే లైను మీద పనిచేసిన ఇళ్లు అక్కడ ఉన్నాయి. 1999లో కంపెనీ నుంచి విడదీసిన విడిభాగాల సంస్థ డెల్ఫీలో జీతానికి పనిచేసి రిటైరైనవారి పింఛన్లు, ఆ సంస్థ దివాలా తీయడంతో 2009లో ప్రభుత్వ బీమా సంస్థ చేతికి వెళ్లి, చాలామందికి తగ్గిపోయాయి. వాగనర్‌కు రావలసిన పింఛనూ ఇతర మొత్తాలూ కలిపి సుమారు 2 కోట్ల డాలర్లని అప్పట్లో వార్తలు వచ్చాయి. తర్వాత దాన్ని బాగా తగ్గించారు. తగ్గించిన మొత్తం కూడా పెద్దదే. 2009కి ఆయన ఒక్క డాలరు జీతానికి ఒప్పుకున్నారన్నది ఎంత నిజమో, ఇదీ అంతే నిజం. రెండూ కలిపి చెబితేనే పిల్లలకు లెక్క తెలుస్తుంది.

నా సంగతి రెండు మాటల్లో చెబుతాను. కార్ల కంపెనీ ఆర్డర్లు ఆపితే విడిభాగాల కంపెనీ నెలలోపే ఆగిపోతుంది. 2009 ఫిబ్రవరిలో ఒక బుధవారం మధ్యాహ్నం మమ్మల్ని పదకొండు మందిని క్యాంటీన్‌లోకి పిలిచారు. హెచ్-1బీ వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే ఇప్పుడున్నట్టు అరవై రోజుల గడువు అప్పట్లో లేదు. ఉద్యోగం లేని మరునాటి నుంచే దేశంలో మా ఉనికికి ఆధారం లేదు. అద్దె ఇంటి ఒప్పందం మధ్యలో తెంచుకుని, మంచాలూ కుర్చీలూ పక్క అపార్ట్‌మెంట్లలోని తెలుగువాళ్లకు వచ్చిన ధరకు ఇచ్చి, ఆరేళ్ల కూతురిని బడి మాన్పించి తిరిగి వచ్చాము. ఆ కాంప్లెక్సులో మాలాంటి తెలుగు కుటుంబాలు ఆ చలికాలంలో ఒక్కొక్కటిగా ఖాళీ చేశాయి. మాకు జరిగింది ఘోరమని చెప్పడం లేదు. జేన్స్‌విల్‌లో యాభై ఏళ్లు దాటి, వేరే పని తెలియనివాడికి జరిగినదాని ముందు మాది తేలిక. అయితే మమ్మల్ని పిలిచిన మేనేజరుకు, అంతకు ఏడాది ముందే, ఆర్డర్లు పడిపోతున్నాయని మా గుమాస్తా పట్టిక వేసి చూపించాడు. ఆయన తల ఊపి, పట్టికను సొరుగులో పెట్టాడు.

ఆ తల ఊపడానికి జనరల్ మోటార్స్‌లోనే ఒక పేరు ఉందని నాకు 2014లో తెలిసింది. ఆ ఏడాది జనవరిలో మేరీ బారా సీఈఓ అయ్యారు. ఫిబ్రవరి నుంచి కోబాల్ట్, ఆయాన్ వంటి చిన్న కార్లను కంపెనీ వెనక్కి పిలవడం మొదలుపెట్టింది. తాళం స్విచ్చి బిగువు చాలక, గతుకు తగిలినా, తాళాల గుత్తి బరువుకైనా జారిపోయి, నడుస్తున్న ఇంజను ఆగిపోయేది. దాంతో ప్రమాదం జరిగినప్పుడు ఎయిర్‌బ్యాగు తెరుచుకునేది కాదు. సుమారు 26 లక్షల కార్లు. కంపెనీ ఏర్పాటు చేసిన పరిహార నిధి 124 మరణాలను ఈ లోపానికి సంబంధించినవిగా ఆమోదించింది. మాజీ ప్రభుత్వ న్యాయవాది ఆంటన్ వలూకస్ చేసిన విచారణలో, లోపం సంగతి కంపెనీలో పలు విభాగాలకు ఏళ్ల తరబడి తెలుసనీ, 2005లోనే బాగుచేసే ప్రతిపాదనలు వచ్చి ఖర్చు కారణంగా ఆగిపోయాయనీ తేలింది. సమావేశంలో అందరూ ఒక పరిష్కారానికి తల ఊపి, బయటికి వెళ్లాక ఎవరూ ఏమీ చేయకపోవడాన్ని ఉద్యోగులు 'జీఎం నాడ్', అంటే జనరల్ మోటార్స్ తల ఊపు, అంటారని ఆ నివేదిక రాసింది. చేతులు కట్టుకుని, ఇటువైపు అటువైపు వేళ్లు చూపడం 'జీఎం సెల్యూట్'.

క్వాలిటీ ఇంజనీరుగా నన్ను నిద్రపోనివ్వని వివరం మరొకటి ఆ నివేదికలో ఉంది. 2006లో ఆ స్విచ్చిని లోపల మార్చారు. పార్టు నంబరు మాత్రం మార్చలేదు. విడిభాగాన్ని మార్చితే నంబరు మార్చాలన్నది ఈ వృత్తిలో మొదటి రోజు నేర్చుకునే అక్షరం. నంబరు మారకపోవడం వల్ల, పాత కార్లలో జరిగిన ప్రమాదాలు కొత్త కార్లలో ఎందుకు తగ్గాయో దర్యాప్తు చేసినవారికి ఏళ్లపాటు అంతుపట్టలేదు. వాగనర్‌కు ఈ స్విచ్చి విషయం తెలుసని నేను అనడం లేదు. అలాంటి ఆధారం లేదు. కానీ ఆ కార్లు ఆయన హయాంలో రూపొందినవి, ఆ తల ఊపడమూ ఆయన హయాంలో నడిచిన అలవాటే. ఆయన 2009లో వెళ్లారు. తర్వాత ముగ్గురు సీఈఓలు మారారు. దివాలా కోర్టు పాత కంపెనీ అప్పులను, బాధ్యతలను కొత్త కంపెనీ నుంచి వేరుచేసింది, ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, పోంటియాక్, సాటర్న్ బ్రాండ్లు చరిత్రలో కలిశాయి. అమెరికా పన్ను చెల్లింపుదారులు సుమారు 4,950 కోట్ల డాలర్లు పెట్టి, షేర్లన్నీ అమ్ముకున్న 2013 నాటికి 1,000 కోట్లకు పైగా నష్టపోయారు. ఇంత జరిగినా స్విచ్చి సంగతి ఆ తల ఊపే గదుల్లోంచి మరో ఐదేళ్లు బయటికి రాలేదు. బారా ఆ నివేదికను ఉద్యోగులందరి ముందు నిలబడి చెప్పి, పదిహేను మందిని తొలగించారు. 2015లో కంపెనీ 90 కోట్ల డాలర్ల జరిమానాకు ఒప్పుకుంది.

అందుచేత, అధ్యాపకులారా, మీ కేస్ స్టడీని మార్చమని అడుగుతున్నాను. విమానం ప్రస్తావన ఒక్క వాక్యం చాలు. మిగిలిన గంటలో జెర్రీ యార్క్ రాజీనామా లేఖను తరగతిలో చదివించండి. బిల్ ఫోర్డ్ 2006లో ఎందుకు లేచారో, వాగనర్‌ను అదే సంవత్సరంలో ఎవరూ ఎందుకు లేపలేదో పిల్లల చేత వాదించండి. వలూకస్ నివేదిక మూడు వందల పేజీలకు పైగా ఉంటుంది, అందరూ చదవలేరు. 2006 స్విచ్చి మార్పు గురించిన భాగం ఒక్కటైనా చదివించండి. 'ఈ నాయకుడు ఎందుకు పదవి పోగొట్టుకున్నాడు' అనే పరీక్ష ప్రశ్నను తీసేసి, 'ఈ నాయకుడిని ముందే మార్చే అధికారం ఎవరికి ఉంది, వారు దాన్ని ఏ ఏడాది వాడి ఉండవలసింది, ఏ కాగితం చూసి' అని అడగండి. అది జవాబు రాయడానికి కష్టమైన ప్రశ్నని నాకు తెలుసు. మన కంపెనీల బోర్డుల్లోనూ ఆ ప్రశ్న అడిగేవారు ఎక్కువమంది లేరు కనుకనే అడగమంటున్నాను.

ఆ రోజుల వార్తాపత్రికల కత్తిరింపులూ, కాంగ్రెస్ విచారణల ప్రతులూ, నేను ఇంటికి తెచ్చుకున్న మా సొంత పనిచోటు పట్టికల నకళ్లూ ఒక ట్రంకు పెట్టెలో ఉన్నాయి. ఏ కళాశాల వారు పిలిచినా, ప్రయాణ ఖర్చులు అడగకుండా వచ్చి, ఆ కాగితాలు పిల్లల ముందు పరిచి ఒక పూట కూర్చుంటాను.

నమస్కారాలతో,
డెట్రాయిట్ శివార్లలో పనిచేసి వచ్చిన ఒక క్వాలిటీ ఇంజనీరు
హైదరాబాదు